బెల్టుకి కట్టిన ఎడమ చెయ్యి

మా ఆయనకి ఓడ మీద దెబ్బ తగిలిందని విని చూడ్డానికి వచ్చిన వాళ్ళందరిదీ ఒకటే మాట. “పోన్లే తల్లీ, దేవుడు మేలు సేసినాడు, ఎడమ సెయ్యే కదా.” వాళ్ళకి టీలు కాచి కాచి నా చేతులు పడిపోయాయి గానీ ఆ మాట మాత్రం ఆగలేదు. మా అత్తగారు చిట్టెమ్మ గుమ్మం దగ్గరే పీట వేసుకుని కూర్చుని, వాళ్ళు అనకముందే తనే అందించేది. “ఎడమదేనమ్మా. కుడిది బంగారంలాగున్నాది.”

నాకు ఒళ్ళు మండిపోయేది. మా ఆయనది పుర్రచేతి వాటం. ఆయన చేతుల్లో ఏదైనా బంగారం ఉందంటే అది ఆ ఎడమదే. ఆ సంగతి ఆయనకి తెలుసు, ఆవిడకి తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికీ తెలీదు. తెలీకుండా ఆవిడ అంత కాపలా కాసింది.

మా ఆయన పేరు జ్ఞానదాసు. పోర్టులో వించి నడిపేవాడు. ఓడ పైన నిలబడి రెండు చేతుల్లో రెండు పిడులు పట్టుకుని, కింద ఓడ పొట్టలోంచి సరుకు పైకి లాగి ఒడ్డుకి దించే పని. ఆ పొట్ట తలుపుని హేచ్ అంటారు. వించి మీదున్న వాడికి లోపల ఏం జరుగుతోందో కనపడదు. హేచ్ అంచున ఇంకొక మనిషి నిలబడి, లోపలికి తొంగి చూసి, ఎత్తు, దించు, ఆపు అని చేతులతో చెబుతాడు. వించి వాడి కళ్ళు ఆ సిగ్నల్ మనిషి మీదే ఉండాలి. తన చేతులు వాటి పని అవే చూసుకోవాలి. “నా సేతులు నాను సూసుకుంటే సరుకు సముద్రంలోకే” అనేవాడు. గుడ్ల బుట్ట దించినట్టు దించుతాడని పేరు. దించేది ఎడమ చేత్తో అని ఎవరూ చూడలేదు, రెండు పిడులూ రెండు చేతుల్లో ఉంటాయి కదా.

చిన్నప్పుడు ఆయన ఎడమ చేత్తో ముద్ద కలుపుతుంటే అత్తగారు పాత చీర అంచు చింపి, ఆ చెయ్యిని నిక్కరు పట్టీకి కట్టేసేదట. అన్నం తిన్నంతసేపూ, పలక పట్టుకున్నంతసేపూ, మందిరంలో కానుక వేసినంతసేపూ కట్టే. “ఎడం సేత్తో దేవుడికి కానుకేత్తే పాస్టరు గారేటనుకుంటారు?” అలా కుడిచెయ్యి నలుగురిలోకి వచ్చింది, ఎడమచెయ్యి చాటుకి పోయింది. పెళ్ళయిన కొత్తలో నాకు ఎలా తెలిసిందంటే, కరెంటు పోయింది, అగ్గిపుల్ల గీశాడు. వెలుగు రాగానే చూస్తే పుల్ల ఎడమ చేతిలో ఉంది. నేను చూశానని చూసి కుడి చేతిలోకి మార్చుకున్నాడు, వేలు కాల్చుకున్నాడు. దొంగతనం దొరికినట్టు అదేం మొహమో!

డెబ్బై ఎనిమిదిలో ఒక రోజు పైన వేలాడుతున్న పెట్టె గాలికి ఊగి వచ్చి ఆయన్ని రెయిలింగుకి అదిమేసింది. ఎడమ భుజం ఎముక విరిగిందనీ, మెడకీ భుజానికీ మధ్య నరాలు నలిగాయనీ అన్నారు. నెలలు గడిచాయి. ఎముక అతుక్కుంది. బలం వచ్చింది. నీళ్ళు నిండిన బకెట్టు ఎత్తి చూపించాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

రానిది ఏమిటంటే, ఆ చెయ్యి ఎక్కడుందో ఆయనకి తెలియడం. చూస్తూ ఉంటే చెప్పిన మాట వింటుంది. కళ్ళు పక్కకి తిప్పాడా, అది దాని దారిన అది పోతుంది. గ్లాసు పట్టుకుని నాతో మాట్లాడుతుంటే గ్లాసు నెమ్మదిగా ఒరిగిపోయేది, ఆయన మాట్లాడుతూనే ఉండేవాడు. చేపల పులుసు గిన్నెలో చెయ్యి పెట్టి, వేడి తగిలాక గానీ ఉలిక్కిపడలేదు. బస్సులో కమ్మీ పట్టుకున్నాననే అనుకుని ఒకావిడ బుట్ట మీద పడ్డాడు. ఆవిడ జాలరిపేట మనిషి. ఆవిడ తిట్టిన తిట్లు నేను రాయను. ఎవరైనా అడిగితే ఆయన జవాబు ఒకటే. “ఏటీ నేదు, బాగానే ఉన్నాది.” నేను గిన్నెలు తోముకుంటూ, ఒలికినవి తుడుచుకుంటూ, బాగానే ఉన్నాది, బాగానే ఉన్నాది అని నాలో నేను అనుకునేదాన్ని.

ఆసుపత్రిలో చేతులకి కసరత్తులు చేయించే గదికి పంపారు. అక్కడ జయశీల అని ఒక అమ్మాయి, అప్పుడే చదువు పూర్తి చేసింది, ఓపిక గల పిల్ల. గోడకి ఒక చెక్క, చెక్క మీద అర్ధచంద్రంలా గీతలు. మనిషి కళ్ళు మూసుకోవాలి. ఒక చెయ్యిని ఆమె పట్టుకుని కొంత ఎత్తులో ఆపుతుంది. రెండో చెయ్యిని మనం సరిగ్గా అంతే ఎత్తుకి తేవాలి, చూడకుండా. తేడా ఎంతుందో గీతల్లో తెలుస్తుంది.

“అయ్యగారూ, కళ్ళు మూసుకోండి” అంది.

మా ఆయన కళ్ళు మూశాడు. మూయగానే తల వంచాడు. తల వంచగానే చేతులు రెండూ వచ్చి జోడించుకున్నాయి. వెనక మా అత్తగారు చెంగు తల మీదికి లాక్కుని మొదలుపెట్టేసింది. “ప్రభువా, నా కొడుకు సెయ్యి నీ సేతిలో పెడతన్నాను...” పుట్టినప్పటి నుంచీ కళ్ళు మూసుకోండి అంటే ప్రార్థనే కదా మాకు. జయశీల కూడా మందిరం పిల్లే, మధ్యలో ఆపలేదు. అత్తగారి ప్రార్థనలో చుట్టాలందరి జబ్బులూ, ఎలమంచిలిలో మా ఆడబిడ్డ కాన్పూ పూర్తయి ఆమేన్ అనేదాకా చెక్క దగ్గర నిలబడే ఉంది పాపం. రెండోసారి అడిగినా అదే. ఆఖరికి కళ్ళు తెరిచే ఉంచమని, తువ్వాలు గంతలు కట్టింది.

కట్టి అడిగింది. “మీది ఏ చేతి వాటం?”

“కుడి” అన్నాడు ఆయన.

“కుడేనమ్మా, మా వంశంలో పుర్రసెయ్యి నేదు” అంది అత్తగారు.

నేను ఆయన వైపు చూశాను. ఆయన కళ్ళకి గంతలు. అత్తగారి వైపు చూశాను. ఆవిడ చూపుకి గంతలు లేవు, నన్ను కాల్చేసేలా ఉంది. నేను మాట్లాడే మనిషిని కాదు.

“ఏ చెయ్యి అయితేనేటమ్మా?” అని మాత్రం అడిగాను.

జయశీల చెప్పింది. వాళ్ళ మాస్టారు గారూ తనూ ఈ సంగతే చూస్తున్నారట. రోగుల్నే కాదు, బాగున్న వాళ్ళనీ, ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ, కుడివాటం వాళ్ళనీ పుర్రచేతి వాళ్ళనీ కూర్చోబెట్టి కొలుస్తున్నారు. చూడకుండా చెయ్యి ఎక్కడుందో మగవాళ్ళకే బాగా తెలుస్తుందని మాస్టారు గారు, ఆడవాళ్ళకే అని తను. “ఇద్దరి మాటా నిలబడ్డం లేదండి. ఒకరోజు అలా వస్తుంది, ఒకరోజు ఇలా వస్తుంది. చేతుల్లో మాత్రం ఏదో తేడా ఉందేమోనని మా అనుమానం. పని చేసే చెయ్యి వెంట కన్ను ఉంటుంది. పట్టుకుని ఊరుకునే చేతిని ఎవరూ చూడరు. అది చూపు లేకుండానే దాని చోటు తెలుసుకుంటుందేమో అని. అందుకే ఏ చేతి వాటమో ముందు తెలియాలి.”

నాకది బాగానే అర్థమైంది. గరిటె తిప్పే చేతిని చూస్తాం. గుడ్డతో గిన్నె అంచు పట్టుకున్న చేతిని ఎవరు చూస్తారు?

“రండక్కా, మీరూ కూర్చోండి” అని నాకూ గంతలు కట్టింది. నేను తెచ్చిన ఎత్తు చూసి “దగ్గరగా తెచ్చేశారే!” అంది. ఇక మా ఆయనకి పౌరుషం.

“ఆడోళ్ళకదే పని కదా. సీకట్లో ఉప్పు డబ్బా, సీకట్లో కారం డబ్బా. మా దీపాల కింద పనోళ్ళకి ఎలగొత్తాదీ?”

“మరే,” అంది అత్తగారు, కొడుకైనా వదలదు, “మీ మొగోళ్ళు దీపమెట్టకపోతే ముద్ద ముక్కులో ఎట్టుకుంటారు.”

అప్పుడు జయశీల గంతలు విప్పి, విప్పిన తువ్వాలుని ఉండ చుట్టి, ఉన్నట్టుండి ఆయన మీదికి విసిరింది. ఎడమచెయ్యి గబుక్కున లేచింది. తువ్వాలు ఒక చోట, చెయ్యి ఒక చోట. తువ్వాలు నేలన పడింది.

“మీది పుర్రచెయ్యి కాదా?”

“కాదు!” అన్నారు తల్లీ కొడుకూ ఒక్కసారే.

ఆ పిల్ల తువ్వాలు తీసుకుంటూ నా మొహం చూసింది. ఆ ఇద్దరి మధ్య నిలబడి నేను చెక్క మీది గీతలు చూస్తున్నాను. ఇంటికి వస్తూ దారి పొడుగునా ఆయనతో గొడవ పెట్టుకున్నాను, గొంతు పెంచకుండా. “వైద్యం సేసే పిల్ల దగ్గరైనా నిజం సెప్తే ఏటి పోతాదండీ?”

“నీకు తెల్దు, ఊరుకో.”

అదే ఆయన రెండో జవాబు.

వించి వద్దన్నారు డాక్టర్లు. ఆయన అన్నం మానేసి కూర్చున్నాడు. అప్పుడు వాళ్ళ మేస్త్రీ సన్యాసిరాజు గారు, మంచివాడే, ఇంటికి వచ్చి శుభవార్తలా చెప్పాడు. “బావా, నీకు తేలికపాటి పని సూసినాను. సిగ్నలు. పిడి నేదు, బరువు నేదు. సేతులు ఊపుకుంటే సాలు.”

చేతులు ఊపుకుంటే చాలట! ఏ చెయ్యి ఎక్కడుందో తెలియని మనిషికి, చెయ్యి ఎక్కడుంటే అదే మాట అయిన పని. మా ఆయన మొహం వెలిగిపోయింది. అత్తగారు లేచి టీకి నీళ్ళు పెట్టింది. నేను మేస్త్రీ గారు వెళ్ళేదాకా ఆగి అడిగాను.

“కింద మనుషులుంటారు కదండీ?”

“ఉంటారు. అప్పలసూరి గేంగు.”

“లోపలికి తొంగి సూస్తుంటే మీ ఎడం సెయ్యి ఎక్కడుంటాది?”

“కుడి సేత్తో సెప్తాను. ఎడందాన్ని ఒగ్గేస్తాను.”

“కంగారొస్తే ఏది ముందు లేస్తాది?”

పళ్ళెం తోసేసి లేచిపోయాడు. “నన్ను ఇంట్లో కూకోబెట్టి గాజులు తొడిగించాలని నీకు!” అత్తగారు నా మీద విరుచుకుపడింది, పనికి పోయేవాడికి అడ్డుపుల్ల వేస్తానా అని. నేను పళ్ళెం తీసి కడిగాను. ఇక ఏం చెయ్యను? కింద పనిచేసే అప్పలసూరి భార్య నాతో పాటే కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడేది. ఆమె మొహం చూడలేక నేను ఎండెక్కాక నీళ్ళకి పోవడం మొదలుపెట్టాను.

కొన్నాళ్ళకి ఎల్లాజీ వచ్చాడు. మా ఆయన వదిలిన వించి మీద ఇప్పుడు ఉన్నది అతనే. ఆయన స్నానానికి వెళ్ళిన సమయం చూసి, గుమ్మంలోనే నిలబడి గుసగుసగా అన్నాడు.

“సెల్లీ, బావ ఏటి సెప్తన్నాడో నాకు తెల్డం నేదు. కుడిసెయ్యి ఎత్తి గుప్పిట మూత్తే ఆపమని. బాగానే ఎత్తుతాడు. కానీ ఎడంసెయ్యి నడుం కాడ అరిసెయ్యి కిందకెట్టి ఊగుతుంటాది. అది దించమని! ఆపనా, దించనా? నిన్న ఆపీసినాను. రేపు దించీసినాననుకో, అప్పలసూరి నెత్తి మీదే.”

తల తుడుచుకుంటూ మా ఆయన వచ్చాడు. విన్నాడు.

“నీకు కళ్ళు కనపడ్డం నేదు బావా. నా ఎడంసెయ్యి నా ఎనకాలుంటాది. నాకు తెల్దేటి నా సెయ్యి ఎక్కడుందో?”

ఆ మాట అంటున్నప్పుడు ఆ చెయ్యి తువ్వాలు పట్టుకుని ఆయన పొట్ట దగ్గరే ఉంది. ఎల్లాజీ నా వైపు చూశాడు. నేను నుదురు కొట్టుకోలేదు గానీ, కొట్టుకున్నంత పనైంది. చూపిస్తే కిందకి చూస్తాడు, చూడగానే చెయ్యి మాట వింటుంది, “సూసినావా, బాగానే ఉన్నాది” అంటాడు. ఈ రోగంలో ఉన్న దొంగాటే అది. చూసినప్పుడు ఉండదు.

ఆ ఆదివారం మందిరంలో ఉజ్జీవ కూడిక, పెద్ద ప్రార్థన సభ. బయట నుంచి వచ్చిన ప్రసంగీకుడు గట్టి మనిషి. ఆఖర్న అందరినీ లేచి నిలబడమన్నాడు. కళ్ళు మూసుకుని రెండు చేతులూ ఆకాశం వైపు ఎత్తి ప్రార్థించమన్నాడు. ఆడవాళ్ళ వరసకీ మగవాళ్ళ వరసకీ మధ్య దారి. దారికి ఇవతల చివర నేనూ అత్తగారూ, అవతల చివర ఆయన.

నేను కళ్ళు తెరిచాను. పెద్దయ్యాక ప్రార్థనలో కళ్ళు తెరవడం అదే మొదలు. మందిరం అంతా ఎత్తిన చేతులు. ఆయన కుడిచెయ్యి అందరికంటే ఎత్తున ఉంది. ఎడమది లేచి, సగంలోనే దారి తప్పి, పొట్ట ముందుకి వచ్చి, అరిచెయ్యి కిందకి పెట్టి నెమ్మదిగా ఊగుతోంది. దించు, దించు, దించు. ఆయన మొహం పైకి పెట్టి, రెండు చేతులూ దేవుడికి ఇచ్చేశాననే నమ్మకంతో ఉన్నాడు.

నేను దారి దాటాను. ఆయన చెవి దగ్గర “కళ్ళు తెరవండి” అన్నాను.

“ప్రార్థనలోనేటే?”

“తల దించకండి. సెయ్యి కదపకండి. ముందు సెప్పండి, ఎడంసెయ్యి ఎక్కడున్నాది?”

“పైనే. కుడిదాని పక్కనే.”

“ఇప్పుడు సూడండి.”

పైకి చూశాడు. పైన ఒక్క చెయ్యే ఉంది. రెండోదాని కోసం ఆకాశమంతా వెతికినట్టు వెతికాడు, పక్కవాడి చెయ్యిని కూడా చూశాడు. తర్వాత కిందకి చూశాడు. ఎవరో మరిచిపోయి పోయిన గొడుగుని చూసినట్టు చూశాడు దాన్ని. అది ఇంకా ఊగుతూనే ఉంది.

“అప్పలసూరి...” అన్నాడు.

వెనక్కి తిరిగితే అత్తగారు. ఆవిడ కళ్ళు కూడా తెరుచుకునే ఉన్నాయి. అంత మందిరంలో కళ్ళు తెరిచి ఉన్నది మేం ముగ్గురమే.

ఇంటికి వచ్చాం. వచ్చాక ఆవిడ పెట్టె తెరిచి, నలిగిన చీర ఒకటి తీసి, అంచు పర్రున చింపింది. “రా” అంది. అంత మనిషీ వెళ్ళి తల్లి ముందు నిలబడ్డాడు. ఆవిడ ఎడమచెయ్యి మణికట్టుకి గుడ్డ చుట్టి, ముడి వేసి, ప్యాంటు బెల్టు పెట్టుకునే పట్టీకి బిగించి కట్టింది. చిన్నప్పటి ముడి ఆవిడ వేళ్ళకి ఇంకా గుర్తే.

“నీది పుర్రసెయ్యేరా,” అంది, ముడి వైపు చూస్తూ. “అది ముందు లేత్తాది. నాకు తెల్దేటి?”

ఇన్ని నెలలు! ఎన్ని ఆసుపత్రి రోజులు, ఎన్ని అబద్ధాలు, ఎంత పులుసు! నేను వంటింట్లోకి పోయి, కోపానికి ఏం చెయ్యాలో తెలీక అక్కర్లేని గిన్నెలు కూడా తోమాను. ఆ మాట మర్నాడు జయశీలతో చెప్పమంటే ఆవిడే వెళ్ళి చెప్పింది, తలెత్తకుండా. ఆ పిల్ల రాసుకున్నది కొట్టేసి, ఆయనకి పట్టుకుని ఊరుకునే చెయ్యి కుడిదే కదా అని, మళ్ళీ కుడిచేతి నుంచి మొదలుపెట్టింది. ఎడమది పూర్తిగా ఎప్పటికీ రాకపోవచ్చని కూడా చెప్పింది.

ఆ రోజు నుంచి పనిలోకి వెళ్ళే ముందు కట్టు. సన్యాసిరాజు గారు మొదట నవ్వాడట, “ఏటి బావా, అమ్మ జైల్లో ఎట్టిందా?” అని. ఎల్లాజీ నవ్వలేదు. ఒక్క చెయ్యే కనపడుతుంటే అతనికి హాయి.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం మా ఆయన ప్యాంటు జారిపోతుంటే కుడిచేత్తో పట్టుకుని ఇంటికొచ్చాడు. బెల్టు పట్టీ కుట్లతో సహా ఊడి వేలాడుతోంది. మణికట్టు గుడ్డ కింద ఎర్రగా కమిలింది. ఎరువుల బస్తాల తాడు తెగబోయిందట. కింద అప్పలసూరి నిలబడ్డాడట. “ఎడందే లేవబోయినాదే,” అన్నాడు. “ఎంత గట్టిగా లేవబోయినాదంటే, నాకు నొప్పెట్టి అది ఎక్కడుందో తెలిసినాది. అప్పుడు కుడిది ఎత్తినాను. ఎల్లాజీ ఆపీసినాడు.”

“అప్పలసూరి?”

“బీడీ అడుగుతన్నాడు.”

నేను ఆ ప్యాంటు విప్పించి కుట్టాను. అది మొదటిసారి. తర్వాత ఎన్నిసార్లు కుట్టానో. ప్రతిసారీ విసుక్కునేదాన్ని. కళ్ళు లాగేవి, ప్యాంటు గుడ్డ దళసరి, సూదులు విరిగేవి. డబ్బాలో ఏ రంగు దారం ఉంటే ఆ రంగు. “కుదురుగా కుట్టవేటే, నలుగురిలోకీ ఏసుకెల్లే ప్యాంటుని” అనేవాడు. “కుదురుగా ఉండమని మీ సేతికి సెప్పండి ముందు” అనేదాన్ని.

కిందటి వానాకాలం మా ఆయన జ్వరంతో పోయాడు. ఓడా కాదు, చెయ్యీ కాదు, ఊరందరికీ వచ్చిన జ్వరం. బట్టలు ఊరికే పెట్టుకోకూడదని అత్తగారు మూట కట్టి అప్పలసూరి ఇంటికి పంపమంది. పంపాను. అతని భార్య కుళాయి దగ్గర నా బిందె తనే ఎత్తి నా నడుం మీద పెట్టింది.

ఆ ప్యాంటు మాత్రం మూటలో పెట్టలేదు. “అదెవడు తొడుగుతాడే, ఎడం పక్క అంతా అతుకులే” అంది అత్తగారు. అంటూనే తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. నలుపూ నీలం ఎరుపూ దారాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్న ఆ పట్టీని చూపు ఆనక వేళ్ళతో తడుముతూ కూర్చుంది. మళ్ళీ ఒక పోగు వదులైందట. సూది తెమ్మంది.

ఇప్పుడెందుకండీ అని అడగబోయాను. సూదిలో దారం ఎక్కించి ఇచ్చాను.